కమాండర్ తరఫున సంతకం చేసే అధికారులకు ఒక బహిరంగ లేఖ

గుంటూరు

భారత సైన్యపు బ్రిగేడ్, డివిజన్, కోర్, కమాండ్ ప్రధాన కార్యాలయాలలోనూ, రికార్డు ఆఫీసులలోనూ స్టాఫ్ బాధ్యతలు నిర్వహిస్తున్న అధికారులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఇరవై ఆరేళ్లు సైన్యంలో క్లర్కుగా పనిచేసి, సుబేదారుగా విరమణ పొంది, కొన్నేళ్లుగా గుంటూరులో ఉంటున్నాను. నా ఉద్యోగంలో సగానికి పైగా బ్రిగేడ్, డివిజన్ ప్రధాన కార్యాలయాలలోనే గడిచింది కనుక మీ పని ఎంత కష్టమో నాకు తెలియనిది కాదు. రాత్రి రెండు గంటలకు కూడా ఆఫీసులో లైటు వెలుగుతూ ఉండటం, భోజనం చల్లారిపోవడం, పిల్లల పరీక్షలు ఎప్పుడు జరిగాయో తెలియకపోవడం నేను కళ్లారా చూశాను. మీకు రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు వచ్చింది. ఒక్క జవాబులోనూ విషయం లేదు. అందువల్ల నాలుగోది అందరూ చదివేట్టు రాయవలసి వచ్చింది.

ముందు జరిగినది చెబుతాను. తెనాలి వైపు ఒక పల్లెలో అరవై దాటిన ఒక తల్లి ఉంది. ఆమె భర్త నాయక్ హోదాలో పింఛనుకు వచ్చి, ఏడాదిన్నర కిందట కాలంచేశాడు. కుటుంబ పింఛనుకు దరఖాస్తు పెడితే, సైన్యం రికార్డులో ఉన్న పేరుకూ ఆధార్‌లో ఉన్న పేరుకూ పొంతన లేదని కాగితాలు వెనక్కి వచ్చాయి. పొంతన ఎందుకు లేదో మన జిల్లాలో బడిపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం. పెళ్లయిన కొత్తలో ఆమె పేరు నమోదు చేస్తూ యూనిట్ వెలువరించిన పార్ట్ టూ ఆర్డర్‌లో, మన అలవాటు తెలియని నాబోటి క్లర్కు ఎవరో ఇంటిపేరునే అసలు పేరనుకున్నాడు. అసలు పేరును రెండు ముక్కలు చేసి చివరి ముక్కను వదిలేశాడు. ముప్పై అయిదేళ్ల తరువాత ఆ వదిలేసిన ముక్క ఆమె నోటి దగ్గర కూటికి అడ్డుపడింది.

తహసీల్దారు ధ్రువపత్రం పంపాం. నోటరీ చేయించిన అఫిడవిట్ పంపాం. భర్త పక్కన ఆమె కూర్చుని దిగిన జాయింట్ ఫొటో పంపాం. మొదటి జవాబులో ‘వివరాలు సరిపోలలేదు’ అని ఉంది. రెండో జవాబులో తేదీ తప్ప ప్రతి అక్షరమూ మొదటి దానిలోదే. మూడో దానిలో ‘విషయం పరిశీలనలో ఉంది’ అని ఉంది. మూడు సంతకాలూ ముగ్గురు వేర్వేరు అధికారులవి. మూడింటి కిందా ‘కమాండర్ తరఫున’ అని ఉంది. మూడూ ఇంగ్లీషులో ఉన్నాయి కనుక, ఆమె ప్రతిసారీ బస్సెక్కి గుంటూరు వచ్చి నాచేత చదివించుకుని వెళ్లింది. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ ఒక్కచోటే ఇలా జరుగుతోందని మిగిలినవారు ఊపిరి పీల్చుకుంటారు.

ఈ లేఖ చదివే సాధారణ పాఠకుల కోసం ఆ ‘కమాండర్ తరఫున’ అనే మాట గురించి కొంచెం చెప్పాలి. సైన్యంలో ఆజ్ఞాపించే అధికారం కమాండర్‌ది. స్టాఫ్ అధికారికి సొంతంగా ఏ అధికారమూ లేదు. అతడు సమాచారం సేకరిస్తాడు, కమాండర్ ముందు మార్గాలు పెడతాడు, కమాండర్ ఎంచుకున్న మార్గాన్ని ఆదేశంగా రాసి కిందికి పంపుతాడు, అది అమలవుతోందో లేదో చూస్తాడు. బ్రిగేడ్‌లో యుద్ధ వ్యవహారాలు బ్రిగేడ్ మేజర్ చూస్తే, మనుషుల సంగతీ రేషను, దుస్తుల సంగతీ మేము డీక్యూ అని పిలుచుకునే అధికారి చూస్తాడు. ముప్పై ఏళ్ల మేజర్ ఒకడు, తనకంటే వయసులోనూ హోదాలోనూ పెద్దవారైన బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్లకు ఆదేశం పంపగలుగుతున్నాడంటే, అది కమాండర్ పేరు అప్పు తెచ్చుకుని చేస్తున్న పని. అప్పు తెచ్చుకున్న పేరును ఎంత జాగ్రత్తగా వాడాలన్నదే నా లేఖ అంతా.

ఈ ఉద్యోగానికి మిమ్మల్ని తయారుచేసే విధానం మీద నాకు గౌరవం ఉంది. పోటీ పరీక్ష నెగ్గి, నీలగిరులలోని వెల్లింగ్టన్ డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీలో పది నెలలకు పైగా చదివి వస్తారు. 1907 నుంచి క్వెట్టాలో నడిచిన స్టాఫ్ కాలేజీ దేశ విభజనలో పాకిస్తాన్‌కు పోతే, మనవారు వెల్లింగ్టన్‌లో మళ్లీ మొదటినుంచి కట్టుకున్న విద్య అది. ‘యుద్ధం ప్రజ్ఞయా’ అన్నది అక్కడి ఆదర్శవాక్యం. ఆ ప్రజ్ఞ కాగితం చేరే చివరి మనిషి వరకూ వెళ్లడం లేదని నా ఫిర్యాదు. దాని ఫలితాలను వరుసగా రాస్తాను. పేరాలకు అంకెలు వేయడం సర్వీస్ రైటింగ్, అంటే సైనిక కాగితాలు రాసే పద్ధతి, నేర్చిన చేతికి పోని అలవాటు, మన్నించాలి.

1. పై చెప్పిన తల్లికి పదిహేడు నెలలుగా పింఛను లేదు. ఒక గేదె పాలు, చుట్టుపక్కల వారి మంచితనం, ఇవే ఆధారం. కాగితం మీద ఇది ‘పేరు వ్యత్యాసం’ అనే రెండు మాటల కేసు. మా మాజీ సైనికుల బృందం దృష్టికి వచ్చిన వాటిలో ఇటువంటివి ఇంకా కొన్ని ఉన్నాయి. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరాలలో ఉంది, ఇంకొకచోట పెళ్లికి ముందటి ఇంటిపేరు ఉండిపోయింది, మరొకచోట ‘లక్ష్మి’ని ఇంగ్లీషులో రెండు రకాలుగా రాశారు. తెలుగు సైనికుడి కుటుంబంలో ఇది ఎవరికైనా రాగల కష్టం. అయినా ప్రతి కేసునూ ప్రపంచంలో మొదటిసారి జరిగినట్టుగానే మీ కార్యాలయాలు చూస్తున్నాయి.

2. సాయంత్రం అయిదింటికి అడిగి మరునాడు ఉదయం తొమ్మిదింటికి పంపమనే నివేదికల భారం ఎవరి మీద పడుతుందో మీరు ఎప్పుడైనా లెక్క చూశారా? పై కార్యాలయంలో స్టాఫ్ అధికారి ఫోను చేస్తాడు, బ్రిగేడ్ బెటాలియన్‌కు చేస్తుంది, బెటాలియన్ కంపెనీకి చేస్తుంది. చివరికి కొండమీది పోస్టులో ఉన్న హవల్దారు నిద్ర మాని, నెల కిందట పంపిన లెక్కనే మళ్లీ రాసి పంపుతాడు. సెలవు మంజూరై, నల్ల ట్రంకుపెట్టె మీద నంబరు కొత్తగా రాసుకుని సిద్ధంగా ఉన్న కుర్రవాడిని ‘ఇన్‌స్పెక్షన్ అయ్యాక వెళ్లు’ అని ఆపుతారు. విజయవాడ స్టేషనులో అతని కోసం ఎదురుచూసే తండ్రికి ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో తెలియదు. చెల్లెలి పెళ్లి ముహూర్తానికి అన్న రాలేదని మాత్రమే తెలుసు.

3. నా తప్పు కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే ఈ లేఖకు న్యాయం లేదు. ఒక జవాను తండ్రికి పక్షవాతం వస్తే, సొంత ఊరికి దగ్గరగా బదిలీ కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నాడు. మొదట మూడు ప్రతులు లేవని, తరువాత వైద్యుడి ముద్ర సరిగా పడలేదని, ఆ తరువాత ఫార్మాట్ మారిందని మూడుసార్లు తిప్పి పంపాం. ‘తిప్పి పంపాం’ అంటే మా అధికారి సంతకం చేశారు. మూడుసార్లూ టైపు చేసినది నేను. బదిలీ మంజూరయ్యేసరికి దాని అవసరం తీరిపోయింది. ఆ మూడు లోపాలనూ మొదటి ఉత్తరంలోనే చెప్పి ఉండవచ్చని నాకు అప్పుడు తట్టలేదు. మా అధికారికీ తట్టలేదు. ఆయన చెడ్డవాడు కాదు. సాయంత్రానికి బల్ల మీద కాగితం మిగలకపోతే పని పూర్తయినట్టేనన్న అలవాటు ఆయనకూ నాకూ ఉండేది. తిప్పి పంపితే మా బల్ల ఖాళీ అవుతుంది, అవతలి ఇంట్లో మంచం మాత్రం ఖాళీ కాదు.

4. స్టాఫ్ పోస్టులో రెండు మూడేళ్లకు మించి మీరు ఉండరు. వచ్చినవారు వెళ్లినవారి నుంచి ఆస్తుల జాబితా, రహస్య పత్రాల జాబితా ఒక్కొక్కటీ లెక్కపెట్టి తీసుకుంటారు, కుర్చీలు కూడా లెక్కపెడతారు. పరిష్కారం కాని మనుషుల జాబితాను మాత్రం ఎవరూ ఎవరికీ అప్పగించరు. ఆ తల్లి కేసులో మూడు సంతకాలు మారడానికి కారణం ఇదే.

5. కమాండర్ చుట్టూ ఉండేవారు ఆయనకు నచ్చేదే చెప్పడం అన్నిటికంటే ప్రమాదమైనది. ఏడాది చివర మీ పనితీరు మీద రాసే రహస్య నివేదిక ఆయన చేతిలో ఉంటుంది, కనుక ‘ఇది సాధ్యం కాదు సార్’ అనడం కష్టమే, కాదనను. కానీ అనవలసినచోట ఎవరూ అనకపోతే ఏమవుతుందో 1962 చైనా యుద్ధంలో దేశం చూసింది.

ఈ అయిదో అంశం దగ్గర కొంచెం ఆగాలి. 1962 అక్టోబరు మొదట్లో కొత్తగా ఏర్పడ్డ 4 కోర్‌కు కమాండర్‌గా వచ్చిన లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్, అంతకుముందు ఢిల్లీలో చీఫ్ ఆఫ్ ది జనరల్ స్టాఫ్, అంటే సైనిక ప్రధాన కార్యాలయంలో ప్రధాన స్టాఫ్ అధికారి. ఈశాన్య సరిహద్దులో పదివేల అడుగులకు పైబడిన నామ్‌కా చూ లోయలో బ్రిగేడియర్ జాన్ దల్వీ 7 బ్రిగేడ్ కాటన్ దుస్తులతో, చాలీచాలని తూటాలతో, విమానాలు జారవిడిచిన సరుకులో చాలా భాగం దొరకక నిలబడి ఉంటే, శత్రువు చేతిలో ఉన్న థాగ్‌లా శిఖరాన్ని ఆక్రమించాలన్న ఆలోచన పైనుంచి దిగింది. అక్కడున్న దల్వీ అది కుదరదనే చెబుతూ వచ్చాడు. ఆ మాట ఆదేశాన్ని మార్చలేకపోయింది. జబ్బుపడిన కోర్ కమాండర్ అక్టోబరు 18న ఢిల్లీకి వెళ్లిపోయి, పడక మీదనుంచే కోర్‌ను నడిపించబోయాడు. 20వ తేదీ తెల్లవారుజామున చైనా దాడి జరిగింది. రెండు రోజులకు దల్వీ బందీ అయ్యాడు. తప్పంతా స్టాఫ్‌దేనని నేను అనడం లేదు, అందులో రాజకీయ నాయకుల పాత్ర ఎంతో ఉంది. కానీ పటం మీద వేలు పెట్టి చూపే మనిషికీ ఆ వేలి కింద నిలబడ్డ మనిషికీ మధ్య ఎంత దూరం ఉండవచ్చునో ఆ లోయ చెబుతుంది.

అదే 4 కోర్‌కు ఆ ఏడాది చివర్లో శామ్ మానెక్‌షా వచ్చారు. వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి కమాండెంట్‌గా ఉండి వచ్చినవారే. లిఖితపూర్వకమైన ఆదేశం లేకుండా వెనుకడుగు వేయడానికి వీల్లేదనీ, అటువంటి ఆదేశం ఎప్పటికీ రాదనీ ఆయన చెప్పిన నాలుగు మాటలు అందరికీ తెలిసినవే. చదివినవాడికి ఇంకో ప్రశ్న మిగలని ఆదేశం అది. నేటి స్టాఫ్ కాగితాలతో పోల్చి చూడండి. మరి తొమ్మిదేళ్లకు, 1971 డిసెంబరు 16న, ఢాకాలో లొంగుబాటు పత్రం మీద మన తరఫు సంతకం లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరాది. ఆ రోజే ముందుగా ఢాకా చేరి, పాకిస్తాన్ సేనాని నియాజీ ఎదుట కూర్చుని ఆ సంతకం దాకా పని నడిపించినది ఈస్టర్న్ కమాండ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ మేజర్ జనరల్ జాకబ్. ఆనాటి ప్రసిద్ధ ఛాయాచిత్రంలో ఆయన బల్ల దగ్గర లేడు, వెనుక నిలబడ్డ వరుసలో ఉన్నాడు. స్టాఫ్ అధికారి నిలబడవలసిన చోటు అదే. కాని ఆ చోటికి రాకముందు ఆయన స్వయంగా ఢాకా వెళ్లాడు, ఢిల్లీ నుంచో కలకత్తా నుంచో వివరణ కోరుతూ ఉత్తరం రాయలేదు.

మనకు ఇది కొత్త విద్య కూడా కాదు. కొండవీటి కొండలు గుంటూరు పొలిమేరలో కనిపిస్తూనే ఉన్నాయి. 1515లో ఆ దుర్గాన్ని గెలిచిన కీర్తి శ్రీకృష్ణదేవరాయలది, మంగళగిరి శాసనం ఆ విజయాన్ని చెబుతుంది. రాయల పక్కన తిమ్మరుసు లేకుండా ఆ దండయాత్రలను ఊహించగలవారు తెలుగునాట ఎవరైనా ఉన్నారా? నెపోలియన్‌కూ అంతే. ఆయన మనసులో మాటను స్పష్టమైన ఆదేశంగా రాసి సకాలంలో సేనానులకు చేర్చిన చీఫ్ ఆఫ్ స్టాఫ్ బెర్తియే 1815 జూన్ 1న చనిపోయాడు. అదే నెల 18న వాటర్లూలో ఆ కుర్చీలో ఇంకొకరు ఉన్నారు. ఓటమికి కారణాలు అనేకం ఉన్నా, ఆ కుర్చీలో మనిషి మారిన తేడాను చరిత్రకారులు చెబుతూనే ఉన్నారు. మీ ఉద్యోగం విలువ తెలిసే ఇన్ని మాటలు రాస్తున్నాను.

మంచి స్టాఫ్ అధికారి ఎలా ఉంటాడో కూడా చూశాను. ఒక బ్రిగేడ్ మేజర్ చేరిన మొదటి వారంలోనే, మేము కింది యూనిట్ల నుంచి తెప్పించుకునే నెలవారీ రిటర్నులన్నిటి, అంటే లెక్కల నివేదికలన్నిటి, జాబితా తెమ్మన్నారు. నలభై దాటాయి. ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి ‘ఇది ఎవరు చదువుతారు?’ అని అడిగారు. చదివేవారు తేలని పదిహేడింటిని ఎవరికీ చెప్పకుండా ఆపేశారు. ఆరు నెలల్లో రెండింటి కోసం మాత్రమే పైనుంచి ఫోను వచ్చింది, ఆ రెండూ మళ్లీ మొదలుపెట్టాం. మిగిలిన పదిహేను అంతకుముందు ఎన్నేళ్లుగా ఎన్ని రాత్రులు తిన్నాయో నాకు తెలుసు. ఆయన వారానికొకసారి ఏదో ఒక పోస్టుకు నడిచి వెళ్లి, అక్కడి లంగరులోనే, అంటే జవాన్ల వంటశాలలోనే, భోంచేసేవారు. తిరిగివచ్చాక మాకు ఇచ్చే డిక్టేషన్ ఎప్పుడూ ఒక పేజీ దాటేది కాదు.

ప్రభుత్వానికీ ఈ సంగతి తెలియదనలేను. 2019 ఆగస్టులో రక్షణ మంత్రిత్వశాఖ సైనిక ప్రధాన కార్యాలయం నుంచి 206 మంది అధికారులను క్షేత్రస్థాయి దళాలకు తరలించడానికి ఆమోదం తెలిపింది. సంఖ్య తగ్గించడం మంచిదే. అయితే పద్ధతి మారకపోతే, అవే రిటర్నులను తక్కువమంది అడుగుతారు, అంతే తేడా. కనుక మా కోరికలను కింద ఉంచుతున్నాను. అంకెలు పైనుంచే కొనసాగుతాయి.

6. జవానుకు గాని, మాజీ సైనికుడికి గాని, వితంతువుకు గాని కాగితం తిప్పి పంపేటప్పుడు, ఉన్న లోపాలన్నిటినీ ఒకే ఉత్తరంలో, ఒకేసారి చెప్పాలి. రెండోసారి కొత్త లోపం ఎత్తిచూపవలసి వస్తే, మొదటిసారి ఎందుకు కనబడలేదో సంతకం చేసే అధికారి రాసి, పై అధికారి ఆమోదం తీసుకోవాలి. ఈ ఒక్క నియమం పెడితే సగం కాగితాలు మీ బల్ల మీదనే సర్దుకుంటాయి.

7. బాధ్యతలు మారేటప్పుడు, మూడు నెలలు దాటి పెండింగులో ఉన్న వ్యక్తుల కేసుల జాబితాను కుర్చీల జాబితాతో పాటు ఇద్దరు అధికారులూ సంతకం చేసి అప్పగించుకోవాలి.

8. తెలుగువారి పేర్ల పద్ధతి గురించి, వీలైతే తమిళుల, మలయాళీల పద్ధతి గురించి కూడా, ఒక పేజీ సూచన తయారుచేసి అన్ని రికార్డు ఆఫీసులకూ పంపండి. ఇంటిపేరు ముందు వెనుకలు, పొడి అక్షరాలు, ఇంగ్లీషు వర్ణక్రమం, ఈ మూడు తేడాలకు ఒక్క అఫిడవిట్, తహసీల్దారు ధ్రువపత్రం చాలునని స్పష్టం చేయండి. ఆ పేజీ రాసిపెట్టమంటే మా గుంటూరు మిత్రులం ఒక పూటలో రాసిస్తాం.

9. కుటుంబాలకు వెళ్లే ప్రతి జవాబులోనూ చివర రెండు వాక్యాలు వారి భాషలో ఉండాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ద్వారా ఇది చేయించవచ్చు. రాసిన అధికారి పేరు, పనివేళలలో పలికే ఫోను నంబరు కూడా ఉండాలి. ‘కమాండర్ తరఫున’ అన్నప్పుడు ఆ తరఫు మనిషి ఎవరో తెలియాలి కదా.

10. ప్రతి ప్రధాన కార్యాలయమూ ఏడాదికొకసారి తాను అడిగే రిటర్నులను పైన చెప్పిన బ్రిగేడ్ మేజర్ చేసినట్టు వడపోయాలి. అత్యవసరం కానిదానికి మూడు పనిదినాల గడువు ఇవ్వాలి.

11. స్టాఫ్ పోస్టులో ఉన్న ప్రతి అధికారీ మూడు నెలలకొకసారి కనీసం మూడు రోజులు ఏదైనా కంపెనీ పోస్టులో, ఎటువంటి బ్రీఫింగూ పవర్‌పాయింటూ లేకుండా గడపాలి. జర్మన్ జనరల్ స్టాఫ్‌కు పునాది వేసిన ప్రష్యా వారు కూడా తమ స్టాఫ్ అధికారులను కొంతకాలానికొకసారి రెజిమెంట్లకు తిరిగి పంపేవారు. మన పద్ధతిలోనూ ఆ మార్పిడి ఉంది, కాని స్టాఫ్ పోస్టులో ఉన్న రెండు మూడేళ్లలోనే పోస్టు వాసన మరిచిపోతున్నారు.

12. స్టాఫ్ అధికారి పనితీరు గురించి, అతని కింద ఉన్న యూనిట్ల కమాండింగ్ ఆఫీసర్ల అభిప్రాయం కూడా రహస్య నివేదికలో చేరాలి. దీనికి మీలో చాలామంది నవ్వుతారని తెలుసు. నవ్విన తరువాత, కాదనడానికి ఒక కారణం రాసి చూడండి.

13. వెల్లింగ్టన్‌లో చదివేవారి చేత యుద్ధ పటాలతో పాటు ఒక నిజమైన కుటుంబ పింఛను ఫైలును, పేర్లు తీసివేసి, మొదటి దరఖాస్తు నుంచి చివరి ఉత్తరం వరకు చదివించాలి. తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టమనండి. ఒక గంట పాఠం చాలు.

వీటిలో 6, 7, 9 అంశాలకు ప్రభుత్వ ఉత్తర్వు గాని, బడ్జెట్టు గాని అవసరం లేదు. ప్రధాన కార్యాలయంలో ఒక కర్నల్ అనుకుంటే వచ్చే సోమవారం నుంచి మొదలుపెట్టవచ్చు. కనుక ఈ మూడింటి మీద అరవై రోజులలోగా ఒక నిర్ణయం కోరుతున్నాం. రాకపోతే ఈ లేఖను మా ప్రాంత పార్లమెంటు సభ్యుల ద్వారా రక్షణ మంత్రి గారికి అందజేసి, సభలో ప్రశ్నగా అడగమని కోరతాం. సైన్యం మీద నలుగురిలో నింద వేయడం మాకు ఇష్టం లేదు. మా పిల్లలలో కొందరు ఇప్పుడూ సరిహద్దులో ఉన్నారు, వారి పార్ట్ టూ ఆర్డర్లు ఈరోజు కూడా ఎవరో టైపు చేస్తూ ఉంటారు.

తెనాలి తల్లి కాగితాలను నాలుగోసారి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఈసారి ప్రతి పత్రంలోనూ ఇంటిపేరు కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ‘ఇది ఇంటిపేరు’ అని ఇంగ్లీషులో రాశాను.

ఇట్లు,
మీ మాజీ సహోద్యోగి,
ఒక విశ్రాంత సుబేదార్ (క్లర్క్),
గుంటూరు మాజీ సైనిక మిత్రుల తరఫున